నట్టల మందు – పశువుల పాకకూ మన వంటింటికీ నడుమ



ఈ ఫిబ్రవరిలో ఒకనాటి సాయంత్రం మా మనుమడి చొక్కా ఉతకటానికి వేయబోతూ జేబు తడిమితే ఒక మాత్ర దొరికింది. రేకు ముక్కతో సహా ఉన్నది. నులిపురుగుల నివారణ దినం అని చెప్పి బడిలో పంచిన మాత్ర అది. తరగతిలో ఉపాధ్యాయురాలి ఎదుట నమిలి మింగవలసినదాన్ని వాడు చాకచక్యంగా జేబులోకి దింపి ఇంటికి తెచ్చాడు.

అప్పుడు మా అరుగు మీద కూర్చుని ఉన్న పొరుగాయన ఆ రేకును తీసుకుని అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ఆయనకు నలభై గొర్రెలున్నాయి. "ఇదేదో మేం గొర్రెలకి పట్టించే నట్టల మందేనండి మాస్టారూ! ఆ డబ్బా మీద కూడా ఆల్బెండజోలనే ఉంటదండి" అన్నాడు. దొరికిపోయిన దొంగకు అంతకన్న ఆధారం ఏం కావాలి? మనుమడు నడుము మీద చేతులు పెట్టుకుని, "చూశావా తాతయ్యా! నేనేమన్నా గొర్రెనా?" అన్నాడు.

ముప్ఫై అయిదేళ్ళు విభక్తులూ సంధులూ చెప్పుకొని బ్రతికిన నాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాత కొన్నాళ్ళు చదివి, తెలిసినవారిని అడిగి, పోగుచేసుకున్న సంగతులే ఈ టపా. శాస్త్రజ్ఞులు ఎవరైనా చదివితే పండితుడి సాహసాన్ని మన్నించ ప్రార్థన.

ముందుగా మాట సంగతి చూద్దాం, అది నా అలవాటు. గొర్రె కడుపులో ఉంటే వాటిని నట్టలంటాం. పిల్లవాడి కడుపులో ఉంటే నులిపురుగులు, ఏలికపాములు అంటాం. పశువు ఒంటి మీద ఉంటే పిడుదులు, గోమార్లు. కాలిలో చేరి కాలు వాస్తే మాత్రం పురుగు పేరే ఎత్తం, బోదకాలు అని ఊరుకుంటాం. భాషలో మనం పశువుకూ మనిషికీ మధ్య ఒక గోడ కట్టుకున్నాం. పూర్వులకు ఆ గోడ అంత ఎత్తుగా ఉన్నట్టు లేదు. అథర్వవేదం రెండవ కాండలో క్రిములను నశింపజేయమని ఆదిత్యుని వేడుకునే సూక్తం ఒకటి ఉన్నది. అక్కడ ప్రస్తావించినది గోవు లోపలి క్రిములనే. చరకుడు విమానస్థానంలో క్రిములను ఇరవై రకాలుగా లెక్కించాడు. వాయువిడంగాలూ, మోదుగ గింజలూ క్రిమిఘ్నములని ఆయుర్వేదం చెబుతుంది.

ఆధునిక కాలంలో ఆ గోడకు మొదటి కన్నాలు వేసినవారిలో ఒకరు మారిస్ హాల్. అమెరికా వ్యవసాయ శాఖలో పశువుల పరాన్నజీవులను అధ్యయనం చేసినవారు. కుక్కల పేగులలోని కొంకిపురుగులను కార్బన్ టెట్రాక్లోరైడ్ వెళ్ళగొడుతుందని 1921లో ఆయన చూపారు. బట్టల మరకలు తీయటానికీ, మంటలు ఆర్పటానికీ వాడిన ద్రవం అది! అప్పట్లో కొంకిపురుగు మనుషులనూ పీల్చి పిప్పి చేస్తుండటంతో, ఏడాది రెండేళ్ళలోనే దాన్ని మనుషులకూ ఇవ్వసాగారు. మన దేశం నుండి కూలీలుగా వెళ్ళినవారు చెరకుతోటల్లో పనిచేస్తున్న ఫిజీ దీవుల్లో 1920లలో వేలాదిమంది దానిని మింగారు. అది కాలేయానికి చేటు చేస్తుందని తేలాక క్రమంగా వాడుక తప్పింది. కుక్క మీద పనిచేసిన మందు మనిషి మీదా పనిచేస్తుందన్న పాఠం, దానితోపాటే తొందర పనికిరాదన్న పాఠం, రెండూ ఆనాడే దొరికాయన్నమాట.

గొర్రెల పెంపకందారులకు 1938 ప్రాంతంలో ఫినోథయజీన్ అనే మందు అందింది. ఒక్కొక్క పెద్ద గొర్రెకు సుమారు 25 గ్రాముల పొడి పట్టించవలసి వచ్చేది. మందు తిన్న జీవాల మూత్రం ఎర్రగా దిగి ఉన్ని కూడా మరకలు పడేది. 1961లో మెర్క్ సంస్థవారి థయాబెండజోల్ వచ్చింది. దాని మోతాదు గొర్రె బరువులో కిలోకు 50 మిల్లీగ్రాములు, అంటే ముప్ఫై కిలోల గొర్రెకు ఒకటిన్నర గ్రాము. ఆ మందు కుటుంబంలోనిదే మన కథలోని ఆల్బెండజోల్. 1970లలో స్మిత్‌క్లైన్ సంస్థలోని పశువైద్య విభాగం చేతుల్లో రూపుదిద్దుకున్నది. గొర్రెలకు కిలోకు 5 మిల్లీగ్రాములు చాలు. క్రిమి కణాల లోపల దూలాల్లా, దారుల్లా పనిచేసే అతిసన్నని గొట్టాలుంటాయట. ఈ మందు వాటిని కట్టుకోనివ్వదు. క్రిమి చక్కెరను పీల్చుకోలేక, శక్తి ఉడిగి నశిస్తుంది. 1980లలో ఇది మనుషుల వైద్యంలోకి వచ్చింది. మన దేశంలో 2015 నుండి నులిపురుగుల నివారణ దినం పేరిట పిల్లలకు పంచుతున్నది ఇదే. పొరుగాయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ మాత్రకు మొదటి రోగి గొర్రే.

ఇక ఎదురు దిశలో నడిచిన మందు కథ వినండి. ఈ కథకు నాయకుడు మనవాడు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళి, హార్వర్డులో పరిశోధించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికన్ సైనికులు వేలాదిగా ఫైలేరియా బారిన పడటంతో దానికి మందు వెదకవలసిన అగత్యం ఏర్పడింది. లెడర్లీలో హెవిట్ మొదలైనవారూ, సుబ్బారావుగారూ కలిసి అనేక రసాయనాలను పరీక్షించి డైఈథైల్ కార్బమజీన్‌ను పట్టుకున్నారు. దానికి హెట్రజాన్ అని పేరు పెట్టారు. మొదట ఫైలేరియా జాతి క్రిములున్న పత్తిచేల ఎలుకల మీదా, గుండెపురుగు పట్టిన కుక్కల మీదా ప్రయోగించారు. 1947లో ఫలితాలు ప్రకటించారు. ఆ ఏడే ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూశారు. మరుసటి ఏడు, 1948లో, సుబ్బారావుగారు యాభై మూడేళ్ళకే కన్నుమూశారు.

మనుషుల కోసం కనిపెట్టిన ఈ మందు తరువాత కుక్కల వైద్యంలో స్థిరపడింది. కుక్కల గుండెలోనూ ఊపిరితిత్తుల ధమనులలోనూ చేరే గుండెపురుగు దోమకాటు ద్వారానే వస్తుంది. ఫైలేరియాకు అది దాయాది. దోమలున్న కాలమంతా రోజుకొక మాత్ర చొప్పున కుక్కకు పెడితే పురుగు గుండెను చేరలేదు. అమెరికాలో కొన్ని దశాబ్దాలపాటు యజమానులు తమ కుక్కలకు ప్రతిదినమూ పెట్టినది భీమవరం బిడ్డడి పేరు ముడిపడిన మందే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. అప్పటికే రక్తంలో పిల్లపురుగులున్న కుక్కకు దీన్ని ఇస్తే ప్రాణాపాయం కలగవచ్చు. కనుక ముందు రక్తపరీక్ష చేసేవారు.

మూడవ మందు కథ జపానులో మొదలవుతుంది. సతోషి ఒమురా 1935లో యమనషిలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. చదువు ముగించి టోక్యోలో రాత్రి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు. పగలంతా కర్మాగారంలో పనిచేసి వచ్చిన ఒక విద్యార్థి చేతులకు నూనె మరకలతోనే పరీక్ష వ్రాస్తుండటం చూసి, తాను మరింత చదవాలని నిశ్చయించుకున్నారట. (ఉపాధ్యాయులు శిష్యుల వల్ల మారటం మనకు తెలియనిదా!) తరువాత కితసాటో సంస్థలో చేరి మట్టిలోని సూక్ష్మజీవులను సేకరించారు. 1973లో మెర్క్ సంస్థతో ఒప్పందం కుదిరింది. ఇతో పట్టణంలోని కవానా గోల్ఫ్ మైదానం సమీపాన తీసిన మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవిని, మరికొన్నింటితోపాటు అమెరికాకు పంపారు.

అక్కడ దాని గుణాన్ని పట్టుకున్న బృందానికి పెద్ద విలియం క్యాంబెల్. ఐర్లండులో పుట్టి, 1957లో మెర్క్‌లో చేరినవారు. ఆ సూక్ష్మజీవి పెరిగిన ద్రవాన్ని పేగుపురుగులున్న చుంచెలుకకు మేతలో కలిపి పెడితే పురుగులు మాయమయ్యాయి. ఆ ద్రవ్యానికి అవర్‌మెక్టిన్ అనీ, దానిని కొంత మార్చి చేసినదానికి ఐవర్‌మెక్టిన్ అనీ పేర్లు పెట్టారు. 1981లో పశువుల మందుగా బజారులోకి వచ్చింది. మోతాదు కిలోకు 0.2 మిల్లీగ్రాములు! ఫినోథయజీన్ 25 గ్రాములు పట్టించిన గొర్రెకు ఇది 6 మిల్లీగ్రాములతో సరి. పైగా కడుపులోని పురుగులకూ, ఒంటి మీది గజ్జి పురుగులకూ కూడా ఇదే మందు. క్రిమి నరాలలోనూ కండరాలలోనూ ఉండే కొన్ని ద్వారాలను తెరిచిపెట్టి వాటిని చచ్చుపడేటట్లు చేస్తుంది. అటువంటి ద్వారాలు పాలిచ్చే జంతువులలో లేవు.

గుర్రాల చర్మంలో ఉండే ఒక జాతి క్రిమి పిల్లలను ఈ మందు నాశనం చేయటం క్యాంబెల్ బృందం గమనించింది. ఆఫ్రికాలో నల్ల ఈగల కాటుతో వ్యాపించి చూపు పోగొట్టే నదీ అంధత్వానికి కారణం ఆ క్రిమికి చాలా దగ్గరి చుట్టం. గుర్రానికి పనికివచ్చినది మనిషికి ఎందుకు పనికిరాకూడదన్న ప్రశ్న పుట్టింది. 1981లో మెర్క్‌కు చెందిన వైద్యుడు మొహమ్మద్ అజీజ్ సెనెగల్‌లో తొలి మానవ ప్రయోగం నడిపారు. రోగం ఉన్నవారు నిరుపేదలు, మందు కొనలేరు. 1987లో మెర్క్ అధిపతి రాయ్ వాజిలోస్ ఈ రోగానికి ఎంతమందికి కావాలంటే అంతమందికి, ఎంతకాలమైనా ఉచితంగా ఇస్తామని ప్రకటించారు. 2013లో కొలంబియా ఈ రోగం నుండి విముక్తమైన తొలి దేశమైంది. 2025లో నైజర్ ఆఫ్రికాలో మొదటిదైంది. ఒమురా, క్యాంబెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి లభించింది.

నదీ అంధత్వానికి సుబ్బారావుగారి మందును వాడలేకపోయారా అని మీకు సందేహం రావచ్చు. వాడి చూశారు. ఆ రోగులలో అది తీవ్రమైన దురద, జ్వరం కలిగించి, కంటికే హాని చేసేది. కనుక అక్కడ ఐవర్‌మెక్టినే శరణ్యమైంది. మన దేశంలో నదీ అంధత్వం సమస్య లేదు కనుక ఫైలేరియాకు సుబ్బారావుగారి మందు వాడుకలో ఉన్నది. 1987లోనే ఐవర్‌మెక్టిన్ అమెరికాలో కుక్కల గుండెపురుగుకు నెలకొక మాత్రగా వచ్చి, రోజువారీ మాత్రను క్రమంగా పక్కకు నెట్టింది. ఒకే ఏడు ఒక మందు ఆఫ్రికా పేదవాడి కంటికీ, అమెరికా కుక్క గుండెకూ కాపలా కాయటం మొదలుపెట్టింది.

చివరకు మూడు మందులూ ఒకచోట కలిశాయి. బోదకాలు వ్యాధికి గొర్రెల మందు ఆల్బెండజోల్, పశువుల మందు ఐవర్‌మెక్టిన్, సుబ్బారావుగారి మందు, మూడూ కలిపి ఒకేసారి ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సూచించింది. పాపువా న్యూగినీలో జరిగి 2018లో ప్రకటితమైన ఒక పరీక్షలో, మూడూ ఒక్కసారి మింగినవారిలో 96 శాతం మంది రక్తంలో ఏడాది తరువాత కూడా పిల్లపురుగులు కనబడలేదు. ఐవర్‌మెక్టిన్ లేకుండా తక్కిన రెండే ఒక్కసారి మింగినవారిలో ఆ సంఖ్య 32 శాతమే. 2018 డిసెంబరులో బిహార్‌లోని అర్వల్ జిల్లాలో మన దేశం ఈ పద్ధతిని ప్రారంభించింది. గంగా యమునా సరస్వతులు ప్రయాగలో కలిసినట్లు పాకలోని మందులూ ఇంటిలోని మందూ ఒక గుప్పిట్లో కలిశాయి.

అలాగని గోడ అసలే లేదనుకోవటం ప్రమాదం. కోవిడ్ కాలంలో ఆ తప్పు జరిగింది. గుర్రాల కోసం చేసిన ఐవర్‌మెక్టిన్ ముద్దను కొందరు మనుషులు తిన్నారు. 560 కిలోల గుర్రానికి సరిపడే గొట్టంలో సుమారు 110 మిల్లీగ్రాముల మందుంటుంది. అరవై కిలోల మనిషికి క్రిముల కోసం కావలసినది 12 మిల్లీగ్రాములు. మీరు గుర్రాలు కారు, ఆవులు కారు అని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2021లో హెచ్చరించవలసి వచ్చింది. బ్రెజిల్‌లో జరిగిన పెద్ద పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. కోవిడ్‌కు ఆ మందు మేలు చేయలేదని తేలింది. జంతువులలో సైతం అన్నీ ఒకటి కావు. కోలీ జాతి కుక్కలలో కొన్నింటికి ఐవర్‌మెక్టిన్ కొంచెం ఎక్కువైనా మెదడులోకి చొరబడి తూలిపడేట్లు చేస్తుంది. మందును మెదడు బయటే ఆపే కావలికి సంబంధించిన జన్యువులో లోపం ఉన్నదని 2001లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంవారు కనుగొన్నారు.

అతిగా వాడటం మరొక తప్పు. థయాబెండజోల్ వచ్చిన మూడేళ్ళకే, 1964లో, దానికి లొంగని గొర్రె నట్టలు బయటపడ్డాయి. 1980ల చివరికి ఐవర్‌మెక్టిన్‌కు లొంగనివి దక్షిణాఫ్రికాలో కనబడ్డాయి. అందరికీ పట్టిస్తే మందుకు తట్టుకున్న పురుగులే మిగిలి సంతానం పెంచుకుంటాయి. అందువల్ల ఆ దేశపు పశువైద్యులే ఒక రంగుల పటం తయారుచేశారు. గొర్రె కింది రెప్ప లాగి, లోపలి రంగును పటంతో పోల్చి, పాలిపోయినవాటికి మాత్రమే మందు పట్టించాలన్నమాట. నెత్తురు పీల్చే నట్టలకు ఈ పద్ధతి పనికివస్తుంది. ఇది మా పొరుగాయనకు చెబితే నవ్వి, "రెప్ప తెల్లబడ్డదానికే గదండి ముందు పట్టించేది, మా నాయన కూడా అంతేనండి" అన్నాడు. పటం లేదు గాని కన్ను ఉన్నది! ఐవర్‌మెక్టిన్ వేసిన పశువుల పేడలో పేడపురుగులు సరిగా పెరగక, పేడ మట్టిలో కలవటం ఆలస్యమవుతుందని 1987లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. చంపవలసిన పురుగూ, బ్రతకవలసిన పురుగూ వేరన్న వివేకం మందుకు లేదు, పట్టించేవాడికి ఉండాలి.

ఇంతవరకు చదివినది వ్రాశాను. ఇక చదవనిది ఒకటి చెప్పాలి.

మా అమ్మకు కుడికాలు బోదకాలు. నా చిన్నతనం నుండీ అంతే. అమావాస్యకో పున్నమికో గజ్జల్లో బిళ్ళలు కట్టి, చలిజ్వరం వచ్చి, దుప్పట్లు కప్పినా వణికేది. పిల్లపురుగులు రాత్రిపూటనే పైరక్తంలోకి వస్తాయి కనుక ఫైలేరియా సిబ్బంది రాత్రి తొమ్మిది దాటాక లాంతరుతో వచ్చి వేలు గుచ్చి నెత్తురు చుక్క తీసుకుపోయేవారు. ఆమె ఎక్కడ కూర్చున్నా చీర కుచ్చిళ్ళు కాలి మీదికి జార్చుకునే కూర్చునేది. ఒక సంవత్సరం బడిలో నాకు సన్మానం జరిగితే వేదిక మీదికి రమ్మని ఎంత పిలిచినా మెట్లెక్కలేదు. మెట్లు ఎత్తుగా ఉన్నాయన్నది. కారణం మెట్లు కావని నాకు తెలుసు.

2004లో ఊరందరికీ ఫైలేరియా మాత్రలు పంచే కార్యక్రమం మొదలైనప్పుడు మా బడి ఆవరణలో ఉపన్యాసం ఇచ్చినది నేనే. సుబ్బారావుగారు మన జిల్లావాడని, ఆయన పేరు నిలపాలని గంభీరంగా చెప్పాను. రోగం లేనివారు కూడా మింగాలి, పురుగు ఎవరి నెత్తురులో దాగి ఉందో తెలియదు, దోమ దానిని మరొకరికి మోసుకుపోతుంది అనీ చెప్పాను. చెప్పి, నా వంతు మాత్రలు జేబులో వేసుకున్నాను. మింగితే తల తిరుగుతుందన్నారు, మరునాడు పరీక్షల పని ఉన్నది. నాకేం రోగమన్న ధీమా కూడా ఉన్నది. ఆ రాత్రి అమ్మ అడిగింది, "నువ్వు వేసుకున్నావురా?" అని. వేసుకున్నానన్నాను. వాచిన ఆ కాలును ఆ మాత్రలు మామూలు చేయలేవని ఆమెకు తెలుసు. మరొకరికి ఆ కాలు రాకూడదనే ఆమె అడిగింది. అమ్మ పోయి ఏళ్ళు గడిచాయి. ఆమె దగ్గర నేనాడిన అబద్ధాలలో ఇదొక్కటే నాకు తేదీతో సహా గుర్తున్నది.

అందువల్ల మనుమడిని తిట్టటానికి నోరు రాలేదు. మిగిలిపోయిన పిల్లలకు వారం తరువాత మళ్ళీ వేస్తారని తెలిసి, వాడిని వెంటబెట్టుకుని బడికి వెళ్ళాను. దారిలో వాడి ప్రశ్నకు జవాబు చెప్పాను. "నువ్వు గొర్రెవు కావురా. కాని ఈ మందు పనిచేస్తుందని ముందుగా తెలిపినది గొర్రె. నీకు ఎంత ఇవ్వాలో తెలిపినవారు డాక్టర్లు. ఇద్దరికీ మనం ఋణపడి ఉన్నాం" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "గొర్రెకు కూడా చప్పరించేదే ఇస్తారా, తియ్యగా ఉంటుందా?" అని అడిగాడు. పొరుగాయనను అడుగుదామన్నాను. ఉపాధ్యాయురాలి ఎదుట నమిలి మింగి, నాలుక చాపి చూపించాడు.

మిత్రులారా, మీ ప్రాంతాలలో ఈ పురుగులను ఏయే పేర్లతో పిలుస్తారో వ్యాఖ్యలలో వ్రాయగలరు. నట్టలు, ఏలికపాములు కాక మరే మాటలున్నా పోగుచేయాలని ఉన్నది. బడిలోనో ఇంటి ముందో మాత్ర ఇచ్చినప్పుడు మీరు నిజంగా మింగారా లేదా అన్నది మాత్రం వ్యాఖ్యలో వ్రాయనక్కరలేదు. మీకు తెలిస్తే చాలు.

సెలవు.